ఎడమకు వాలిన చేవ్రాలు

నరహరయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందుగా చెప్పులు వేసుకునేవారు. కూర్చున్నచోట కూర్చుని చెప్పగలిగిన సమాధానం ఎవరి దగ్గరైనా దొరుకుతుందని, దానికోసం తన గుమ్మం ఎక్కనక్కరలేదని ఆయన అభిప్రాయం. దీర్ఘమైన రాగంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలని అడిగిన శిష్యుణ్ణి గోదావరి రేవుకు తీసుకుపోయి, ఇసుక పడవలకు గెడ వేసేవాళ్ళ పక్కన పొద్దుగుంకేదాకా నిలబెట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా ఇంటికి తీసుకొచ్చారట. కోపం ఎలా నటించాలని అడిగిన మరొకాయనకు కోర్టు ఆవరణలో వ్యాజ్యం ఓడి బయటికి వస్తున్న మనిషి చెప్పులు వెతుక్కోవడం చూపించారట. రాజమహేంద్రవరంలో పాత నాటకాల సంగతి తెలిసినవాళ్ళు చాలామంది ఆయన శిష్యులమనే చెప్పుకునేవారు. ఆయన వెంట నడిచినవాళ్ళు మాత్రం కొద్దిమందే.

ఆ కొద్దిమందిలో సువర్చల చివరిది. బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేది. ఆమెకు పద్యం పాడే గొంతు లేదు, రంగం ఎక్కాలన్న కోరికా లేదు. ఆమె పట్టుదల వేరు. వెనుకటి తరం నాటకాల తొలి ముద్రణలను, అందులోనూ గ్రంథకర్త చేవ్రాలున్న ప్రతులను మాత్రమే, ఆమె ఏరి ఏరి పోగుచేసేది.

ఆ చేవ్రాళ్ళ వెనక ఒక కథ ఉంది. ఆ రోజుల్లో ఒక ఊళ్ళో నాటకం అచ్చయి, రంగం మీద నాలుగు ఈలలు సంపాదించుకుందంటే, మరో ఊళ్ళో ఎవడో ముద్రాపకుడు దాన్నే పొల్లుపోకుండా అచ్చొత్తి తిరునాళ్ళలో అమ్ముకునేవాడు. అందుకని గ్రంథకర్తలు ముఖపత్రం వెనక ఒక వాక్యం వేయించేవారు: "గ్రంథకర్త చేవ్రాలు లేని ప్రతి చోరప్రతిగా ఎంచబడును." దాని కింద కాస్త జాగా వదిలించి, అచ్చయిన ప్రతి పుస్తకం మీదా తామే కూర్చుని సంతకం పెట్టేవారు. అది అభిమానికి ఇచ్చిన కానుక కాదు, తలుపుకు వేసిన తాళం. సువర్చల ఆ తాళాన్నే నమ్ముకుంది. సంతకం లేని పుస్తకం ఎంత పాతదైనా ఆమె బీరువాలోకి రాలేదు. దానికోసం ఆమె ఎక్కని అటక లేదు, పడిగాపులు పడని వసారా లేదు. ఒక ఇంట్లో పెద్దాయన పుస్తకం ఇవ్వనని భీష్మించుకుంటే, ఆయన మనుమరాలికి ఎండాకాలమంతా ఛందస్సు నేర్పి పరీక్ష గట్టెక్కించి, ఆ పిల్ల చేతనే పుస్తకం ఇప్పించుకుంది. "ఆ అమ్మాయిది ఉడుంపట్టు" అని నరహరయ్యగారు నవ్వేవారు. అయినా ఆ నవ్వులో మెప్పు ఉండేది.

గుడిమెళ్ళ విశ్వపతి అనే నాటకకవి మీద ఆమెకు ప్రత్యేకమైన గురి. ఆయన రాసినవి నాలుగే నాటకాలు. నాలుగోది "శ్వేతచ్ఛత్రము", అది రంగమెక్కి యాభై ఏళ్ళు నిండుతున్నాయని ఊళ్ళోని నాటక సమాజం స్వర్ణోత్సవం తలపెట్టింది. అద్దాల పెట్టెలో ఆ నాటకం తొలి ప్రతిని ఉంచి, దాన్ని గురించి సభలో మాట్లాడే పని సువర్చలకు అప్పగించారు. అక్కడే చిక్కు వచ్చిపడింది. ఆమె దగ్గర ఆ నాటకం ప్రతులు రెండున్నాయి. రెండింటి మీదా సంవత్సరం ఒకటే, అచ్చాపీసు పేరు ఒకటే, ముఖపత్రం వెనక ఆ హెచ్చరిక వాక్యమూ ఒకటే. సంతకాలు మాత్రం ఒకటి కావు.

ఒకటి ఏనాడో చనిపోయిన ఒక హార్మోనియం వాయిద్యకారుడి ఇంట్లో దొరికింది. అట్టకు రంగు మరకలు, పుటల అంచులకు తాంబూలం మరకలు. దాని మీద విశ్వపతి పేరు ఎడమకు వాలి, తడి ఆరకముందే ఏదో రాసుకుపోయినట్టు అక్షరాలు చెదిరి ఉంది. రెండోది ఏలూరులో ఒక వకీలుగారి ఇంట అద్దాల బీరువాలో దొరికింది. పుట నలగలేదు. దాని మీది సంతకం మొదటి మూడు నాటకాల మీది సంతకానికి అచ్చు గుద్దినట్టుంది. అదే నిటారు నడక, చివర అదే దర్జా అయిన గీత. వకీలుగారు ఊరికే ఇవ్వలేదు. విశ్వపతి రెండో నాటకం సంతకంతో సహా ఇస్తే తప్ప కదలనన్నారు. ఆ నాటకానికి ఆమె దగ్గర ఉన్న ప్రతి అది ఒక్కటే. కళ్ళు మూసుకుని ఇచ్చేసి, దీన్ని తెచ్చుకుంది.

ఒక ఆదివారం పొద్దున్నే ఆమె ఆ రెండు పుస్తకాలూ సంచీలో పెట్టుకుని గురువుగారి ఇంటికి వచ్చింది. వకీలుగారి ప్రతిని పట్టుగుడ్డలో చుట్టింది. హార్మోనియం ఆయన ప్రతిని వార్తాపత్రికలో చుట్టింది. సంచీలో ఎర్రసిరా కలం కూడా ఉంది.

"గురువుగారూ, ఈ కాగితంలోది దొంగ పుస్తకం. ముఖపత్రం మీద 'చోరప్రతి' అని ఎర్రసిరాతో రాసేస్తున్నాను. సభలో కూడా రెండూ పట్టుకుని, ఏది అసలో ఏది దొంగో చెప్పేస్తాను. నా తరవాత ఇంకెవరూ మోసపోకూడదు. మీరు సాక్షిగా ఉండాలి."

"రాతకి సాక్షి ఎందుకమ్మా? ఆస్తి పంపకమా?"

"సిరా పడితే మళ్ళీ పోదు కదండీ."

"అంటే అనుమానం ఉందన్నమాట."

"అనుమానం లేదండి. కలం మూత తీశాక చెయ్యి ఆగింది. ఎందుకాగిందో తెలియలేదు." సువర్చల తను అడగదలచిన మాటను చివరకు అడిగింది. "అసలైనదానికి గుర్తు ఏమిటి గురువుగారూ? ఇన్నేళ్ళూ సంతకమే గుర్తని నమ్మాను. ఆ సంతకాన్నే దొంగిలించగలిగితే, ఇక దేన్ని చూసి ఇది నిజం అనుకోవాలి?"

నరహరయ్యగారు లేచి, అరుగు కింద చెప్పుల కోసం కాళ్ళతో తడుముకున్నారు.

"ఎక్కడికండీ?"

"విశ్వపతిగారి కూతురు ముక్తేశ్వరంలో ఉంది. పుస్తకాలు రెండూ తెచ్చుకో. ఆ ఎర్ర కలం కూడా."

కోటిపల్లి దాకా బస్సులోనూ, అక్కణ్ణించి గోదావరి దాటడానికి పంటు మీదా వెళ్ళారు. పంటు మీద ఎడ్లబండి ఒకటి, అరటి గెలలు, నాలుగు సైకిళ్ళు, పెళ్ళికి పోతున్న బాజాల మేళం. సువర్చల సంచీని గుండెలకు హత్తుకుని ఓ మూల నిలబడింది. గెడ వేస్తున్న మనిషి చూసి, "అమ్మగారూ, కింద పెట్టుకోండి ఆయ్, చంటిబిడ్డ ఏడవదులెండి" అన్నాడు. మేళంవాళ్ళు నవ్వారు. ఆమె మాత్రం సంచీ దించలేదు.

"నువ్వు పుస్తకాలు చదువుతావా, సంతకాలు చదువుతావా?" అన్నారు నరహరయ్యగారు నీళ్ళకేసి చూస్తూ.

"రెండూనండి."

"ఈ దొంగదాన్ని చదివావా?"

"దొంగదాన్ని చదవడమెందుకండీ? అదే నాటకం కదా."



విశ్వపతి కూతురి పేరు భ్రమరాంబ. అరవై దాటిన మనిషి. వాళ్ళు వెళ్ళేసరికి పెరటి వసారాలో కూర్చుని, చేటలో మినుములు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. కుడిచెయ్యి చకచకా ఆడుతోంది; ఎడమచెయ్యి పమిటకొంగులో చుట్టుకుని ఒళ్ళో పడి ఉంది, దానికి ఈ లోకంతో పని లేనట్టు. నరహరయ్యగారిని చూడగానే చేట పక్కకు తోసి లేచింది.

"నరహరన్నయ్యా! దారి తప్పావా, లేక మేము బతికున్నామో లేదో చూసిపోదామని వచ్చావా?"

"నువ్వు పోతే కబురు రాదా చెల్లాయ్? నీ నోరు పోయిందని గోదావరి జిల్లాలన్నీ చెప్పుకోవూ?"

"ఆ మాటకేంగాని కూర్చో. మా ఆయన కొబ్బరితోటలో కాయల దింపు తీయిస్తున్నారు, మధ్యాహ్నానికిగాని రారు. ఈ అమ్మాయెవరు?"

నరహరయ్యగారు ఒకప్పుడు విశ్వపతి నాటకాలు ఆడిన సమాజంలోనే చిన్న వేషాలు వేసినవారు. ఆ రోజుల్లో పరికిణీ కట్టుకుని తెరల మధ్య తిరిగిన భ్రమరాంబను ఆయన అప్పటినుంచీ చెల్లాయనే పిలుస్తారు. ఆయన సువర్చలను చూపించి, "మీ నాన్నగారి పుస్తకాలు పోగుచేస్తోంది. ఒకదాన్ని దొంగదంటోంది. నువ్వొకసారి చూసిపెట్టు" అన్నారు. అంతే, వెళ్ళి స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు.

కాఫీలయ్యాక సువర్చల వార్తాపత్రిక విప్పి పుస్తకం తీసింది. భ్రమరాంబ కళ్ళజోడు పెట్టుకుని ముఖపత్రం తిప్పింది. హెచ్చరిక వాక్యం కింద ఎడమకు వాలిన ఆ పేరు మీద ఆమె చూపు నిలబడిపోయింది. 

"ఇది దొంగదని ఎవరన్నారమ్మా?"

"నేనే అంటున్నాను పిన్నిగారూ" అంది సువర్చల. సభలో చెప్పబోయే మాటలు ఆమెకు అప్పటికే కంఠస్థం. "మొదటి మూడు నాటకాల మీదా మీ నాన్నగారి అక్షరం నిటారుగా నడుస్తుంది. ఇక్కడ చూడండి, గాలికి పడిపోయిన వరిచేనులా ఎడమకు ఒరిగింది. పైగా సిరా చూడండి. రాస్తుండగానే చెయ్యి దాని మీదనుంచి రాసుకుపోయింది. తన పేరు తాను రాసుకునే మనిషి తన పేరునే అలా తుడిచేసుకోడు. దొంగతనంగా, గబగబా రాసినవాడి చేతకాని పని ఇది. మీ నాన్నగారి పేరుతో ఎవడో ఇంత పాడుపని చేస్తే మీకు కోపం రాదా?"

భ్రమరాంబ చేటలో చెదిరిన మినుముల్ని ఒక్కచోటికి చేర్చింది. తోటలో కొబ్బరికాయలు పడుతున్న చప్పుడు దూరంగా వినిపిస్తోంది.

"కలం ఉందా అమ్మా?" అంది చివరికి.

సువర్చల తడబడి, ఎర్ర కలమే తీసి ఇచ్చింది. పుస్తకం చుట్టిన వార్తాపత్రికను భ్రమరాంబ ఒళ్ళో పరుచుకుంది. కలాన్ని కుడిచేత్తోనే అందుకుంది. కాగితం మీద పెట్టబోయి ఆగింది. ఆగి, కొంగు ముడి విప్పుకుని ఎడమచేతిని బయటికి తీసింది. కలం ఆ చేతిలోకి మారింది.

గుడిమెళ్ళ విశ్వపతి అని రాసింది. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి ఎడమకు వాలుతూ వచ్చాయి. రాసిన అక్షరాల మీదుగానే అరచేయి అంచు జరుగుతూ పోయింది. తడి సిరా దాని వెంట సాగి చెదిరింది. రాయడం అయ్యాక ఆమె చెయ్యెత్తి చూసుకుంది. చిటికెన వేలి కింద అరచెయ్యంతా ఎర్రగా ఉంది.

సువర్చల ముందు కాగితం చూసింది, తరవాత పుస్తకం చూసింది, మళ్ళీ కాగితం చూసింది. నరహరయ్యగారు మాత్రం పెరట్లోని ముద్దమందారం చెట్టుకేసి చూస్తున్నారు.

"నాది పుట్టుకతో ఎడమచేతి వాటం" అంది భ్రమరాంబ. గొంతు మెల్లగా ఉంది, ఎవరి మీదా నేరం మోపుతున్నట్టు లేదు. "మా నాయనమ్మకి అది గిట్టేది కాదు. పలక పట్టినప్పట్నించీ ఈ చేతికి గుడ్డ చుట్టి కొంగుకి ముడేసేది. అలా అలా కుడిచెయ్యే అలవాటు చేసుకున్నాను. అన్నం, ముగ్గు, రాత, అన్నీ. ఇప్పటికీ ఇదిగో, దీన్ని ఒళ్ళో దాచుకుంటేగాని పని సాగదు. శ్వేతచ్ఛత్రం అచ్చవుతుండగా నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పూర్తిగా పడిపోయింది. మాట కూడా పోయింది, కష్టపడితే ఒక్కొక్క మాట వచ్చేది. ఆ సంగతి బయటికి పొక్కితే సమాజం చెదిరిపోతుందని ఇంట్లో గప్‌చుప్‌గా ఉంచారు. సమాజంలో కూడా ఒకరిద్దరికే తెలుసు."

"నాకు తెలుసు" అన్నారు నరహరయ్యగారు, చెట్టు మీంచి చూపు తిప్పకుండానే.

"ఇంతలో అచ్చాపీసునుంచి కాగితాల కట్టలు పడవ మీద దిగాయి. సంతకాలైతేగాని కుట్టుపనికి పోవు. నాటకం అప్పటికే పేరు తెచ్చుకుంది, దొంగ ముద్రాపకులు కాచుకుని ఉన్నారు. నాన్న ఎడమచేత్తో ప్రయత్నించారు, కలం నిలవలేదు. అప్పుడు నన్ను పిలిచి కలం నా చేతికిచ్చారు. నాకు పన్నెండో పదమూడో. పాత పుస్తకం ఎదురుగా పెట్టుకుని, కుడిచేత్తో ఆయన సంతకం దింపాను. బాగానే వచ్చిందనుకున్నా. ఆయన కాగితం పక్కకి తోసేశారు. సరిపోలేదేమోనని ఇంకా జాగ్రత్తగా, గీతకి గీత కలిపి దింపాను. ఈసారి కోపమొచ్చి సిరాబుడ్డి తన్నేశారు. చాప మీదంతా సిరా. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు కనపడటం లేదు. ఏ చెయ్యి కలం పట్టుకుందో నాకే తెలియదు. ముందున్న కాగితం మీద ఆయన పేరు రాసి పడేశాను. నాయనమ్మ చూసి, 'ఎడమచేత్తో తండ్రి పేరు రాస్తావుటే, ముదనష్టపుదానా' అని చెయ్యెత్తి వచ్చింది. నాన్న ఆమెను ఆపారు. ఆ కాగితాన్ని దగ్గరకు పెట్టుకుని చాలాసేపు చూశారు. తరవాత తన మంచి చేత్తో నా ఎడమచెయ్యి పట్టుకుని 'ఇదే' అన్నారు."

ఆమె కొంగుతో అరచేయి తుడుచుకోబోయి, తుడుచుకోకుండా ఆగింది.

"కట్టలన్నీ అయ్యేదాకా నా పక్కనే కూర్చున్నారు. నాయనమ్మ మొహం తిప్పుకుని పోయేది. ఎందుకు 'ఇదే' అన్నారో ఆయన చెప్పలేదు, చెప్పలేరు. నా జన్మకి ఈ చెయ్యి బయటపెట్టిన రోజులంటే అవే."

సువర్చల పుస్తకాన్ని ముందుకు జరుపుకుంది. "అయితే పిన్నిగారూ, శ్వేతచ్ఛత్రం మీద మీ నాన్నగారు స్వయంగా పెట్టిన సంతకం..."

"ఒక్కటీ లేదమ్మా."

నరహరయ్యగారు అప్పుడు ఇటు తిరిగారు. "రెండోది కూడా చూపించు" అన్నారు.

సువర్చల పట్టుగుడ్డ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. భ్రమరాంబ ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా, దర్జాగా ఉన్న ఆ సంతకాన్ని వేలితో తడిమింది. ఆమె ముఖం ఒక్క క్షణం విచ్చుకుంది, ఎన్నాళ్ళగానో చూడని మనిషి వీధి మలుపులో కనబడ్డట్టు. ఆ మరుక్షణమే నవ్వేసింది.

"ఎంత బాగా దింపాడో చూడన్నయ్యా, దొంగవెధవ! నేనైనా ఇంత బాగా దింపలేకపోయాను. అబ్బో, దొంగప్రతి దొంగప్రతి అని నాన్న వేయించిన వాక్యం కూడా పొల్లు పోకుండా వేశాడే! పాపం, వాడికి దొరికిన అసలు పుస్తకం మీద నా రాతే ఉండి ఉంటుంది. ఇదేమిటి, వంకర టింకరగా ఉంది, ఇది విశ్వపతిది కాదనుకుని, పాత నాటకాలు చూసి వాడే సరిదిద్దుకున్నాడు కాబోలు."

ఆమె మామూలుగానే అంది. సువర్చలకు మాత్రం చెవులు వేడెక్కాయి. తనకు వచ్చిన అనుమానమే ఆ దొంగకూ వచ్చింది. తను చేయబోయిన దిద్దుబాటే వాడు తనకంటే ముందు చేశాడు. దానికోసం తను రెండో నాటకాన్ని వకీలుగారి చేతిలో పెట్టి వచ్చింది. ఎర్రసిరా పడి ఉంటే, విశ్వపతి 'ఇదే' అన్న చేతి మీద పడి ఉండేది.

ఆమె కూర్చుని ఏడ్చే మనిషి కాదు. మరకల పుస్తకాన్ని చేతిలోకి తీసుకునేసరికి ఆమె ముఖంలో మళ్ళీ ఆ ఉడుంపట్టు కనిపించింది.

"పిన్నిగారూ, అద్దాల పెట్టెలో ఇదే పెడతాను. ఈ రంగు మరకల ప్రతే. సంతకం ఎవరిదో, ఏ చేతిదో కూడా చెబుతాను."

భ్రమరాంబ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "వద్దమ్మా. ఇన్నేళ్ళూ మా ఆయనతో సహా ఎవరికీ చెప్పని మాట. లోపల అచ్చులో ఏముంది? గ్రంథకర్త చేవ్రాలు లేనిది చోరప్రతి అని. నువ్వు సభలో నిజం చెబితే ఎవడో ఒకడు లేచి, అయితే శ్వేతచ్ఛత్రం ప్రతులన్నీ దొంగవేనన్నమాట అంటాడు. మా నాన్న పుస్తకాన్ని ఆయన వాక్యమే దొంగను చేస్తుంది. ఆ మాట నేను వినలేను."

"ఎవరైనా అంటారనే మిమ్మల్ని రమ్మంటున్నాను."

"నేనా? వచ్చి ఏం చెయ్యను?"

"ఆ పెట్టె పక్కన కుర్చీలో కూర్చోండి. లేచినవాడికి నేను సమాధానం చెప్పను. మీకు కలం ఇస్తాను, అంతే."

"ఎడమచేత్తోనా? అంతమంది ముందా?" భ్రమరాంబ చెంప మీద చెయ్యి వేసుకుంది. "మా నాయనమ్మ లేచొచ్చి నా వీపు చిట్లగొడుతుంది."

"రానివ్వండి. ఆవిడకీ ఒక కుర్చీ వేయిస్తాను."

నరహరయ్యగారు పకపకా నవ్వారు. భ్రమరాంబ నవ్వలేదు, వస్తాననీ అనలేదు. లోపలికి వెళ్ళి పసుపుకుంకుమలు, ఒక రవికెగుడ్డ, అరటిపళ్ళు తెచ్చి, ముత్తయిదువకు ఇచ్చే పద్ధతిలో కుడిచేత్తోనే సువర్చలకు బొట్టు పెట్టి ఒడిలో పెట్టింది. వాళ్ళు గుమ్మం దిగి, తోటల మధ్య బాట మలుపు తిరగబోతూ వెనక్కి చూశారు. ఆమె ఇంకా గడపలోనే నిలబడి ఉంది. వాళ్ళు చూడటం చూసి చెయ్యి ఎత్తి ఊపింది. అరచేతి అంచున ఎర్రసిరా ఎండలో మెరిసింది.

తిరిగి వచ్చేటప్పుడు పంటు మీద ఆ గెడ మనిషే ఉన్నాడు. సువర్చల సంచీని ఈసారి పంటు చెక్కల మీద దించి, పక్కనే చతికిలబడింది. పట్టుగుడ్డలోని పుస్తకాన్ని బయటికి తీసి ముఖపత్రం తెరిచింది. ఎర్ర కలం మూత తీసింది. కొంతసేపు అలాగే పట్టుకుని, మళ్ళీ మూత పెట్టేసింది.

"ముందు ఈ నాటకం చదువుతాను గురువుగారూ. మరకలున్న ప్రతిలో. ఆ తరవాత ఏలూరు వెళ్ళి, నా రెండో నాటకం నాకిచ్చేదాకా వకీలుగారి వసారా వదలను. ఆయన్ను మోసం చెయ్యను. ఇది ఏమిటో చెప్పే అడుగుతాను."

"ఇవ్వకపోతే?"

"ఆయనకీ మనుమరాలుంటుంది కదండీ."

నరహరయ్యగారు మీసాలలో నవ్వుకున్నారు.

"మీకు ఇదంతా ముందే తెలుసా?" అంది ఆమె కొంచెం నిష్ఠూరంగా. "తెలిసీ నన్ను అంతసేపు వాగనిచ్చారా?"

"విశ్వపతిగారి చెయ్యి పడిపోయిన సంగతి తెలుసు. ఆ పుస్తకాల మీద సంతకాలున్న సంగతీ తెలుసు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఇన్నేళ్ళలో నాకు తోచలేదమ్మా. పొద్దున నువ్వు దొంగది అన్నాకే తోచింది. తెలిసిన సమాధానమైతే అరుగు మీదే చెప్పేసేవాణ్ణి. తెలియకే చెప్పులేసుకున్నాను."

పంటు కోటిపల్లి రేవును తాకింది. గెడ మనిషి దిగడానికి పలక వేశాడు. జనం దిగుతున్నారు. నరహరయ్యగారు చెప్పులు విప్పి చేత పట్టుకుని, అంచున నిలిచిన నీళ్ళలోకి దిగి, గట్టు మీద మళ్ళీ వేసుకుంటున్నారు. సువర్చల సంచీ భుజాన వేసుకుని ఆయన వెనకే దిగింది.

"నేనడిగిన మాటకి మీరింకా సమాధానం చెప్పలేదండీ. అసలైనదానికి గుర్తు?"

ఆయన చెప్పుల్లో ఇరుక్కున్న ఇసుక దులుపుకుని, వంగిన నడుము నిటారుగా చేసుకున్నారు.

"దొంగ ఎప్పుడూ కుడిచేత్తోనే రాస్తాడమ్మా" అన్నారు. అని, బస్సు కోసం ముందుకు నడిచారు.